ఏడు డబ్బాలకు ఏడు బొట్లు

ముందుగా అందరూ ఎట్లా ఉన్నారు? మా వాడకట్టులో చాటల ముందు కూర్చుని బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ళు, మీ నడుము నొప్పులు ఎట్లా ఉన్నాయి? బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న పెద్దమనుషులు, దగ్గు తగ్గిందా, మందులు వేళకు వేసుకుంటున్నారా? మస్కట్‌లో, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు ఎండకు జాగ్రత్తగా ఉంటున్నారా? పిల్లలందరూ బాగున్నారా? ఇక్కడ నేను ఉన్నాను. మోకాళ్ళ నొప్పి, బీపీ, భయం, మూడూ నాతోనే ఉన్నాయి. మా పక్కింటి రేడియో అన్న మాత్రం లేడు. పోయి నెల దాటింది.

ఇట్లా అందరి మంచిచెడ్డలు అడిగి మాట మొదలుపెట్టడం నా తెలివి కాదు. అన్న భార్య, మా వదినె, ఇట్లాగే మొదలుపెట్టేది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో ఈ నెల రోజులుగా నాకు తెలియడం లేదు. నేను ఐదో తరగతి దాకానే చదివాను. నేను రాసిందాన్ని మా మనవరాలు శ్రావణి సాపు చేసింది. తప్పులుంటే నావి.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. ఆయనది చర్చికి పోయే కుటుంబం, మాది ఎల్లమ్మకు బోనం చేసే కుటుంబం. మధ్యలో ఒక గోడ. వాళ్ళు పక్కింట్లోకి కిరాయికి కొత్తగా వచ్చినప్పుడు ఆయన గోడ అవతలి నుంచి "చెల్లె, జర నిచ్చెన ఇస్తవా" అని అడిగాడు. "ఇస్త గని, కింద పడితే నన్ననొద్దు అన్నా" అని నేను చెప్పాను. అప్పటినుంచీ అన్నాచెల్లెళ్ళమే. రేడియోలు బాగుచేస్తాడు కనుక వాడకట్టంతా రేడియో అన్న అనేది. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీల తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆయన పేరు మాత్రం మారలేదు.

ఆయన పోయిన పొద్దున మా ఇంటి మీద నీళ్ళ ట్యాంకు నిండింది. ట్యాంకు నిండితే కూసేటట్టు అన్న ఒక చిన్న డబ్బా చేసి పెట్టాడు. పాత కంప్యూటర్‌లోంచి తీసిన స్పీకరు, రెండు వైర్లు, అంతే. అది కూసిందంటే నేను లేచేలోపే గోడ అవతల నుంచి "చెల్లె, మోటర్ బంద్ చెయ్యి" అని వినబడేది. ఆ పొద్దున వినబడలేదు. నేను మోటర్ బంద్ చేసి వచ్చి చాట ముందు కూర్చున్నాను. రెండు బీడీలు చుట్టాను. మూడో ఆకు పట్టుకుని గోడ దిక్కు చూశాను.

"అన్న ఎందుకో పిలువలే. జర పోయి సూడు బిడ్డా" అని శ్రావణికి చెప్పాను.

"నీకు రోజు ఏదో ఒక భయమే అవ్వా. పండుకున్నడేమో, పండుకోనియ్యి" అంది.

దాని తప్పు లేదు. గ్యాసు వాసన వచ్చిందని, మేడ మీద ఎవరో నడుస్తున్నారని, శ్రావణి ఎక్కిన బస్సుకు ఏదో అయిందని నేను రోజూ భయపడతాను. రోజూ భయపడేవాళ్ళ మాటకు, నిజంగా భయపడాల్సిన రోజు వచ్చినప్పుడు విలువ ఉండదు. అరగంట చూసి నేనే పోయాను. కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదనే ఉంది. చేతిలో బడిపిల్లల రబ్బరు ముక్క ఉంది, ముందు ఒక కంప్యూటర్ డబ్బా మూత తీసి ఉంది. రెండుసార్లు "అన్నా" అని పిలిచాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. తెల్లవారకముందే గుండె ఆగిందని, ఆ అరగంటకు ఏమీ కాదని డాక్టరు చెప్పాడు. ఒక పూట ఆ మాట నమ్ముతాను, ఇంకో పూట నమ్మను.

భూస్థాపన అయిన తర్వాత ఇంటికి వచ్చి స్నానం చేశాను. వాళ్ళ పద్ధతిలో చెయ్యాలో వద్దో నాకు తెలియదు. ఇట్లాంటివి అడిగితే నవ్వకుండా చెప్పే మనిషి ఆయన ఒక్కడే.

ఆ రబ్బరు ముక్క సంగతి చెప్పాలి. కంప్యూటర్‌ను జనం చాలా గొప్పగా చూస్తారు కదా, అన్న మాత్రం దాన్ని జలుబు చేసిన పిల్లాడిలాగా చూసేవాడు. ఆఫీసులవాళ్ళు, బడులవాళ్ళు పారేసేవి తెచ్చుకునేవాడు. నవీపేట నుంచి ఒకాయన, ఇంట్లో ఉంటే భార్య తిడుతుందని, పాత డబ్బా ఒకటి చేతిసంచిలో పెట్టుకొచ్చి ఈయన గడపలో దించిపోయాడు. అన్న దాని మూత విప్పి, లోపలి నుంచి వేలెడంత పచ్చ పట్టీ తీసి, దాని అంచును రబ్బరుతో మెల్లగా రుద్దేవాడు. మళ్ళీ పెట్టి కరెంటు ఇస్తే అది ఒక్కసారి కూసేది. ఒకసారి కూస్తే మంచిగున్నట్టు, మూడుసార్లు కూస్తే జ్ఞాపకం పట్టీ సరిగ్గా కూర్చోలేదన్నట్టు.

"సచ్చిపోయిందని పారేసిండ్రు చెల్లె. సావలే. దీనికి జ్ఞాపకం జర జారింది, గంతే. రుద్దితే వస్తది."

"అయితే నాకు సుత రుద్దు అన్నా. పొద్దుగాల గోలి ఏసుకున్ననో లేదో యాదికొస్తలేదు."

"నీకు రబ్బరు సాలదు. ఉప్పుకాగితం కావాలె."

లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్‌కు తారీఖు తెలియదట. "పొద్దుగాల లేవంగనే అది పుట్టిన సంవత్సరమే అనుకుంటది. మనమే మెల్లగ ఇయ్యాల తారీఖు చెప్పాలె. కోపానికి రావొద్దు" అనేవాడు. మా అత్తకు ఆఖరి రోజుల్లో మతి తప్పి, నన్నే ఎవరు నువ్వు అని అడిగేది. నేను విసుక్కునేదాన్ని. అన్న మాత్రం రోజూ పనికి కూర్చునే ముందు వచ్చి, "అవ్వా, ఇయ్యాల ఐతారం. నువ్వు నీ ఇంట్లనే ఉన్నవు" అని చెప్పిపోయేవాడు. ఆమె "అట్లనా" అని నిమ్మళంగా పడుకునేది.

నాకు ఆయన పెట్టిన పేరు మెయిన్ స్విచ్. ఉరిమితే చాలు నేను గోడ దగ్గరికి పోయి, "అన్నా, వైర్లు పీకు" అనేదాన్ని. "మా చెల్లె ఉండంగ ఇంటికి మెయిన్ స్విచ్ ఎందుకు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. నేను చీకట్లో పడతానని మా నడవాలో మనిషి వస్తే తనంతట తానే వెలిగే లైటు పెట్టాడు. మొదటి వారం నేను దానికే భయపడి ఆ దారిన పోలేదు.

ఇప్పుడు వదినె సంగతి. అన్న పెళ్ళయిన కొత్తలో బోధన్ ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. చెరుకు సీజను ఉన్నన్ని రోజులే పని. సీజను అయిపోతే ఖాళీ. అందుకని మస్కట్ పోయాడు. వదినె చదువుకోలేదు. మనసులో మాట ఇంకొకరితో రాయించాలంటే ఆమెకు సిగ్గు. అన్న టేప్‌రికార్డర్ పంపించాడు. వదినె దాని ముందు కూర్చుని మాట్లాడేది, క్యాసెట్ నిండేదాకా. మోర్తాడ్ వైపు నుంచి ఎవరైనా మస్కట్ పోతుంటే వాళ్ళ చేతికి ఇచ్చి పంపేది. అన్న జవాబు కూడా క్యాసెట్‌లోనే వచ్చేది. మా దిక్కు చాలా ఇళ్ళలో ఉత్తరమంటే అప్పట్లో ఇదే. ఆమె మాట్లాడుతుంటే నేను పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని.

రూత్ పుట్టింది. రూత్‌కు మూడేళ్ళప్పుడు వదినెకు జ్వరం వచ్చింది. వారం కూడా లేదు మనిషి. కబురు అంది అన్న వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన వెంట ఒక రేకు డబ్బా వచ్చింది. దాంట్లో పదకొండు క్యాసెట్లు. మళ్ళీ మస్కట్ పోలేదు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లను పెంచాడు, రేడియోలు బాగు చేశాడు. ఆ రేకు డబ్బా మాత్రం చాలా ఏళ్ళు తెరవలేదు. ఆడిస్తే టేపు తెగుతుందని భయం, ఆడించకపోతే బూజు పడుతుందని భయం. భయపడటంలో అన్న నాకు తోడుగా ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

రెండేళ్ళ కింద ఏమనుకున్నాడో, ఒక పొద్దున ఆ డబ్బా తెరిచాడు. టేప్‌రికార్డర్‌ను స్పిరిట్ దూదితో తుడిచి, దాన్నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, క్యాసెట్లలోని మాటలను అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. "గంట క్యాసెట్ గంట ఇనాల్సిందే చెల్లె. దీనికి అడ్డదారి లేదు" అన్నాడు. చెవులకు పెద్ద పెద్ద డిప్పలు పెట్టుకుని కిటికీ దిక్కు తిరిగి కూర్చునేవాడు. వెనక నుంచి చూస్తే ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలిసేది కాదు. నేను చాయ్ పెట్టి వచ్చేసేదాన్ని.

ఒకరోజు నన్ను పిలిచి ఆ డిప్పలు నా చెవులకు పెట్టాడు. షాకు కొడుతుందా అని అడిగి, కొట్టదని మూడుసార్లు చెప్పించుకుని అప్పుడు పెట్టుకున్నాను. ముందు గుయ్యిమని చప్పుడు. తర్వాత వదినె.

"ముందుగాల అందరు మంచిగున్నరా? నీ పాణం ఎట్లున్నది? నీ గదిల ఉండెటోళ్ళు మంచిగున్నరా? ఈడ అత్తమ్మ మంచిగున్నది. మామ దగ్గుతున్నడు. బిడ్డ మంచిగున్నది. మ్యాక సుత మంచిగున్నది."

అదే గొంతు, కొంచెం ముక్కుతో. నలభై ఏళ్ళ కింద మట్టిలో పెట్టిన మనిషి నా చెవిలో మేక మంచిచెడ్డలు చెప్తోంది. అంతలో వెనక నుంచి ఎవరో పడుచుపిల్ల అరిచింది. "వదినె, పొల్లను ఆ వయ్యరు దగ్గర కూసోబెట్టకు, షాకు కొడ్తది." అది నా గొంతని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

అన్న పగలబడి నవ్వాడు. "సూడు, గప్పటికి గిప్పటికి నీది గదే మాట."

ఆ క్యాసెట్ ఆఖరున వదినె ఎప్పటిలాగే ఒకటే అడిగింది. "ఎప్పుడొస్తవో తారీఖు చెప్పి బంద్ చెయ్యి." ప్రతి క్యాసెట్‌నూ ఆమె అట్లాగే ముగించేదని అన్న చెప్పాడు.

కరెంటు బంద్ చేస్తే వదినె గొంతు ఎక్కడికి పోతుందని అడిగాను. నాకు అది ఇప్పటికీ అర్థం కాదు. ఆయన తనకు తెలిసిన ఫ్యాక్టరీ భాషలో చెప్పాడు. "చెరుకు రసంల చక్కెర కనవడ్తదా? కనవడది. ఉడికి సల్లారినంక గింజ పడ్తది. గీ మాట గట్ల గింజ కట్టి లోపల ఉంటది. కరెంటుతోని పని లేదు." నేను తల ఊపాను. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

రూత్ ఇప్పుడు బోధన్‌లో ఉంటుంది, బడిలో పని చేస్తుంది. ఆమెకు తల్లి గొంతు తెలియదు. ఈ సంగతి రూత్‌కు చెప్పవద్దని అన్న నా చేత మాట తీసుకున్నాడు. ఆ గుయ్యిమనే చప్పుడంతా తీసేసి, శుభ్రం చేసి, ఒకేసారి ఇవ్వాలని ఆయన ఆశ. మొన్నటి వానాకాలం కప్పు కారి రేకు డబ్బాలో నీళ్ళు పడ్డాయి. క్యాసెట్లన్నీ ఉబ్బి పాడైపోయాయి. నేను మొత్తుకుంటే, "పోతే పోనియ్యి, ఎక్కించిన కద" అన్నాడు. అంటే వదినె ఇక ఒక్కచోటనే ఉంది.

ఆ ఒక్కచోటు ఏదన్నదే ఇప్పుడు నా బాధ.

అప్పటికి ఆయన గదిలో ఏడు డబ్బాలు ఉండేవి. మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ నుంచి తెచ్చినవి. ఏడూ నల్లవే, ఏడూ ఒకటే తీరు, ఏడుగురు కవలల్లాగా. దసరాకు వారం ముందు అన్న మా శ్రావణి గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, కిటికీ పక్కన ఉన్న డబ్బా నుదుటి మీద ఒక ఎర్ర చుక్క పెట్టి నాకు చూపించాడు.

"చెల్లె, నాకేమన్న అయితే రూత్‌కు చెప్పు. గీ ఎర్ర సుక్క ఉన్నదాంట్ల వాళ్ళమ్మ ఉన్నది. మిగిలినయి పాతసామాన్లు కొనె కబాడీకి పోయినా బాధ లేదు."

"నాకెందుకు చెప్తున్నవ్ అన్నా. నా మతి నీకు తెల్వదా?"

"భయపడెటోళ్ళు మర్సిపోరు" అన్నాడు.

నేను నిజంగానే మరిచిపోలేదు. అయినా ఏం జరిగిందో వినండి.

దసరానాడు మేము పనిముట్లకు బొట్టు పెడతాం. నేను నా చాటకు, కత్తెరకు పెట్టుకుని, ఆ తర్వాత పక్కింటికి పోయి అన్న డబ్బాలకు కూడా పెడతాను. ఇరవై ఏళ్ళుగా అలవాటు. ఆయన చర్చి మనిషే గానీ ఎప్పుడూ వద్దనలేదు. "నా తెలివితోని కాదు, నీ బొట్టుతోనే నడుస్తున్నయి" అనేవాడు. కాకపోతే నున్నటి ప్లాస్టిక్ మీద కుంకుమ నిలవదు, రాలి లోపలికి పోతుంది. కుంకుమ దుమ్ముకు డబ్బాలకు జలుబు చేస్తోందని ఒకసారి ఎగతాళి చేశాడు. ఈసారి దసరానాడు అన్న బోధన్‌లో రూత్ దగ్గర ఉన్నాడు, తాళంచెవి నా దగ్గరుంది. గదిలోకి పోతే కిటికీ పక్కదానికి గోళ్ళరంగు చుక్క మెరుస్తోంది. ఆహా, ఇదైతే రాలదు కదా అనిపించింది. ఒకదానికి బొట్టుండి ఆరింటి నుదురు బోసిగా ఉండటానికి నాకు మనసొప్పలేదు. వదినె ఉన్నది కిటికీ పక్కదని నాకు తెలుసు కదా, ఇంకేం భయం అనుకున్నాను. శ్రావణి దగ్గరి ఆ సీసానే తెచ్చి ఏడింటికీ పెట్టాను. ఏటా పాత బొట్టు మీదనే కొత్త బొట్టు పెడతాం కనుక అన్న పెట్టిన చుక్క మీద కూడా పెట్టాను.

నా బతుకులో భయపడకుండా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

అన్న వచ్చి చూసి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "సరే తియ్యి, కిటికీ పక్కదని నీకు తెల్సు, నాకు తెల్సు. రేపు దాని మీద పేరు రాస్త" అన్నాడు. ఆ రేపు చాలాసార్లు వచ్చింది. పేరు రాయలేదు.

ఆయన పోయినరోజు శవపెట్టెను గదిలో పెట్టడానికి, ప్రార్థనకు వచ్చినవాళ్ళు కూర్చోవడానికి జాగా కావాలని మగవాళ్ళు ఏడు డబ్బాలనూ ఎత్తి వసారాలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. ఏది ముందు ఎత్తారో, ఏది ఎక్కడ పెట్టారో నా కళ్ళకు ఆనలేదు. అన్న ముఖం మీదనే ఉంది నా చూపు.

రూత్ తండ్రి బైబిలు, స్క్రూడ్రైవర్ల సంచి తీసుకుంది. "అత్తా, డబ్బాలు కబాడీకి ఇచ్చెయ్యమని ఓనర్‌కు చెప్పిన. మా ఇంట్ల జాగ లేదు" అని బస్సెక్కే ముందు నాతో అంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్తే, ఏ డబ్బానో తెలియకుండా నేనే చేశానని చెప్పాలి. చెప్పిన తర్వాత దొరకకపోతే? లేదనుకున్న తల్లి ఉందని చెప్పి, మళ్ళీ లేదని చెప్పాలా? ఆ పిల్లకు తల్లిని రెండుసార్లు పోగొట్టినట్టు అవుతుంది. సరే బిడ్డా అన్నాను. బస్సు పోయింది.

నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుంటే అదే, చాట ముందు కూర్చుంటే అదే.

పోయిన వారం కబాడీ అతను బండి తెచ్చాడు. ఒక డబ్బా ఎత్తి చంకన పెట్టుకున్నాడు. నేను పోయి గడపలో కూర్చున్నాను.

"అవ్వా, జర జరుగు."

"జరగ."

"నీ సామానా?"

"కాదు."

"మల్ల?"

"అందుల ఒకదాంట్ల మా వదినె ఉన్నది."

అతను చంకలో ఉన్న డబ్బాను మెల్లగా కిందికి దించాడు. దాని దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు.

"ఏ దాంట్ల?"

"గదే తెల్వదు."

"అవ్వా, నీ పాణం మంచిగున్నదా?"

మంచిగా లేదని చెప్పాను. ఇంటి ఓనర్ వచ్చాడు. మంచివాడే, కిరాయి అడగకుండా నెల ఆగాడు. "ఏందమ్మా గీ లొల్లి" అంటే ఏడుపు వచ్చింది. "సరే, ఐతారం సాయంత్రం దాకా ఆగుత. సోమవారం సున్నమేసెటోళ్ళొస్తరు, ఇగ నన్ను అడగొద్దు" అని పోయాడు.

శ్రావణికి అంతా చెప్పాను. అది రెండు డబ్బాలకు కరెంటు పెట్టి చూసింది. ఒకటి మూడుసార్లు కూసి ఊరుకుంది. రెండోదాంట్లోంచి కాలిన వాసన వచ్చింది. నేను ప్లగ్గు పీకేశాను. అందులోనే వదినె ఉంటే? ఇక దేన్నీ ముట్టవద్దని చెప్పాను.

మరునాడు బీడీలు చుడుతుంటే బొటనవేలి కింద ఒక ఆకు మందంగా తగిలింది. చూస్తే రెండాకులు అతుక్కుని ఉన్నాయి. చూడకముందే వేలికి తెలిసింది. యాభై ఏళ్ళుగా చుడుతున్న వేలు. అప్పుడు తట్టింది నాకు. అన్న పెట్టిన చుక్క మీద నేను ఇంకో చుక్క పెట్టాను కదా. మిగిలిన ఆరింటికీ ఒక్కటే పొర. ఆ ఒక్కదానికి రెండు పొరలు. కంటికి ఏడూ ఒకటే తీరు. వేలికి ఒకటే తీరు కాదేమో.

చేతులు కడుక్కుని పోయి, కళ్ళు మూసుకుని ఒక్కొక్క బొట్టు మీద బొటనవేలు పెట్టాను. నాలుగోది ఎత్తుగా తగిలింది. అనుమానం తీరక మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఈసారి ఆరోది కూడా ఎత్తుగానే అనిపించింది. సీసాలో ముంచిన కుంచె మొదట దేని మీద పెట్టానో, నిండుగా రంగు ఎక్కడ పడిందో, అదెట్లా యాది ఉంటుంది? మూడోసారి చూశాను. నాలుగోదే. నాలుగోసారి చూస్తే రెండూ. శ్రావణి చేత ఆ రెండూ మా ఇంటికి మోయించి, బియ్యం డబ్బా పక్కన పెట్టి, నా పాత చీర కప్పాను. మిగిలిన ఐదూ వసారాలోనే ఉన్నాయి. వాటి మీద కూడా నా కన్నుంది. వేలు పొరపడిందేమో, ఎవరికి తెలుసు.

ఆ సాయంత్రం రూత్‌కు ఫోను చేశాను. మొదట అందరి మంచిచెడ్డలు అడిగాను. ఆమె, ఆమె పిల్లలు, బడి, అన్నీ. "అత్తా, అసలు సంగతి చెప్పు" అంది. క్యాసెట్ల నుంచి గోళ్ళరంగు దాకా అంతా చెప్పాను. ఫోను కట్ అయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"నువ్వు ఇన్నవా అత్తా, అమ్మ గొంతు?"

"ఇన్న బిడ్డా."

"ఎట్లుంటది?"

"నీ లెక్కనే. జర ముక్కుతోని."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"బాపు నాకు చిన్నప్పుడే డబ్బాలు ఇప్పుడు నేర్పిండు. స్క్రూడ్రైవర్లు నా దగ్గరనే ఉన్నయి. ఏడూ ఇప్పి ఒక్కొక్కటి సూస్త. ఎవ్వల్ని ముట్టనియ్యకు."

"నన్ను తిట్టవా బిడ్డా?"

"బొట్టు పెట్టినందుకా? బాపే నవ్విండంటివి కద."

"దొరకకపోతే?"

ఆ జవాబు వినకముందే నేను మాట మార్చాను. ఎప్పుడొస్తావో తారీఖు చెప్పి బంద్ చెయ్యమన్నాను. ఆ మాట ఎవరిదో నోట్లోంచి వచ్చిన తర్వాత గానీ నాకు తట్టలేదు.

రాబోయే ఆదివారం, చర్చిలో ఆరాధన కాగానే, బోధన్‌లో పదకొండు గంటల బస్సుకు రూత్ బయలుదేరుతుంది. ఒంటిగంటకల్లా ఇక్కడ ఉంటుంది. మరిచిపోతానని భయం వేసి, శ్రావణి సీసా తీసుకుని గోడ మీది క్యాలెండర్‌లో ఆ గడిలో ఒక ఎర్ర చుక్క పెట్టాను. పక్క గడులు బోసిగానే ఉన్నాయి. ఈసారి వాటికి పెట్టలేదు.